మీటరు కేసు

విచారణ పదకొండు నిమిషాల్లో ముగిసింది. ఇరవై రెండేళ్లు ఒకే వర్క్‌షాపులో కార్ల వైరింగు చూసిన మనిషిని గేటు బయటికి పంపడానికి ఆ పదకొండు నిమిషాలు సరిపోయాయి. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి కుర్చీలో సర్దుకుని కూర్చోను కూడా లేదు. లాప్‌టాప్ తెర ఇటు తిప్పి చూపించాడు. అందులో కారు నంబరు, తేదీ, చేసిన పని, చేసినవాడి పేరు ఉన్నాయి.

“ఇది మీ పేరేనా?”

“నా పేరేనండి.”

“లాగిన్ మీదేనా?”

“నాదే.”

“కెమెరా ముందు బోర్డు పెట్టి సరిచూశారా?”

ఆయన టైర్ల స్టాండు పక్కన నిలబడి ఉన్న తన బావమరిది వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, “ఆ కారుకి నేను బోర్డు పెట్టలేదండి,” అన్నాడు.

అది అక్షరాలా నిజం. ఆ కారుని ఆయన ముట్టుకోనే లేదు. అధికారి మాత్రం ఆ మాటని ఒప్పుకోలు కింద రాసుకుని, కాగితం ముందుకు తోశాడు. కారుని ముట్టుకున్నవాడు టైర్ల స్టాండు పక్కనే ఉన్నాడు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను రాయకపోతే అధికారి ఇంకో పెన్ను ఇచ్చాడు. ఆ కాస్త వ్యవధి కూడా బావమరిదికి దొరికింది. అయినా వాడు నోరు మెదపలేదు.

వర్క్‌షాపులో ఆయన్ని అందరూ మీటరు అనేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు కొలిచే మీటరు ఉండేది. బ్యాటరీ బాగుందని మేనేజరు చెప్పినా, కారు యజమాని చెప్పినా, నిన్న తనే చూసి ఉన్నా సరే, రెండు తీగలు ఆనించి అంకె చూస్తే గాని నమ్మేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర గంట మోగలేదట. చెప్పులైనా విప్పకుండా స్విచ్చు ఊడదీసి కొలతలు మొదలుపెట్టాడు. “అల్లుడొస్తాడనుకుంటే కరెంటాయన వచ్చాడే,” అని అత్తగారు నవ్వింది. అప్పటికి బావమరిదికి తొమ్మిదేళ్లు. స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పెద్దయ్యాక కూడా ఆ పక్కనే ఉండిపోయాడు.

పని నేర్పింది బావే. తిట్టి నేర్పలేదు, వెక్కిరించి నేర్పాడు. “అంతా మీ అక్క పోలికేరా నీకు. అడిగేలోపే జవాబు రెడీ,” అనేవాడు. అక్క ఆ మాట వింటే, “ఆయన జవాబు చెప్పేలోపు అడిగినవాళ్లు ముసలాళ్లయిపోతార్రా,” అనేది. బావ నవ్వేవాడు గాని తొందరపడేవాడు కాదు.

అప్పుడే కొత్తరకం కార్లు వచ్చాయి. వాటిలో ఒక వింత ఉంది. ఖరీదైన కారుకీ మామూలు కారుకీ కంపెనీ ఒకే కెమెరా, ఒకే రాడారు బిగిస్తుంది. మామూలు కారులో మాత్రం వాటిని నిద్రపుచ్చి పంపుతుంది. కొన్నవాడికి తన కారులో ఏముందో తెలియదు. స్టీరింగు కింద, మోకాలికి తగిలే చోట ఒక సాకెట్టు ఉంటుంది. దానికి కేబులు పెట్టి, లాప్‌టాప్‌తో లోపలి కంప్యూటరుని పలకరించి, సున్నా ఉన్నచోట ఒకటి రాస్తే నిద్రపోయేది మేలుకుంటుంది. కారు రోడ్డు గీత దాటబోతే స్టీరింగు దానంతట అదే వెనక్కి లాగుతుంది. ఈ పనిని కోడింగు అంటారు. కోరినవాళ్లకి అలా తెరిచి ఇవ్వవచ్చని కంపెనీ కబురు పంపాక, వర్క్‌షాపులో కుర్రకారంతా ఆ లాప్‌టాప్ చుట్టూ మూగారు.

వాళ్లకి ఆ ఒకటి రాయడమే పని. మీటరుకి అది పనిలో ఆఖరి ముక్క. ముందు కెమెరా నిజంగా ఉందా, కారు ముందరి అద్దం ఎప్పుడైనా మార్చారా అని అడిగేవాడు. నాలుగు చక్రాల్లో గాలి సరిచేసేవాడు. డిక్కీలో సామాను దింపించేవాడు. నేల చదును చేసిన బే లోకి, అంటే కారు నిలిపి పనిచేసే గడిలోకి, కారుని తెచ్చి, నేల మీద సుద్దతో మధ్యగీత గీసి, కారు ముందు కొలిచిన దూరంలో నలుపు తెలుపు గళ్ల బోర్డు నిలబెట్టేవాడు. ఆ బోర్డుని చూసి కెమెరా తను ఎటు చూస్తోందో నేర్చుకోవాలి. అద్దం వెనక కెమెరా వెంట్రుకవాసి వంగినా, వంద అడుగుల అవతల గీత పక్క వరసలో కనిపిస్తుంది. “చూపు రాకముందే నడవమంటే ఎట్లారా?” అనేవాడు బావ.

ఇక ఆ వర్క్‌షాపు అలవాటు ఒకటి చెప్పాలి. కంపెనీ లాప్‌టాప్ ఒక్కటే. లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డు కొట్టి, ఫోనుకి వచ్చే అంకెలు కొట్టి, పావుగంట ఎదురుచూడాలి. ఒకరు బయటికొచ్చి ఇంకొకరు లోపలికెళ్లాలంటే మళ్లీ అంతా మొదలు. అందుకని పొద్దున ముందు వచ్చినవాడు లాగిన్ అయితే సాయంత్రం దాకా అందరూ ఆ పేరు మీదే పని చేసేవారు. “ఇంటికి తాళంచెవి ఒక్కటుంటే చాలదా,” అని ఆ పద్ధతి పెట్టింది మేనేజరే. రోజూ అందరికంటే ముందు వచ్చేది మీటరు. అలా ఏడాది పొడుగునా వర్క్‌షాపు చేసిన మంచీ చెడ్డా ఆయన పేరు మీద పడ్డాయి. విచారణ రోజు అదే మేనేజరు, ఎవరి లాగిన్‌కి వాళ్లే బాధ్యులని నియమావళిలో ఉందని అధికారికి పేజీ తీసి మరీ చూపించాడు.

జరిగింది ఇది. ఒక లెక్కల టీచరు రోజూ నలభై కిలోమీటర్లు పెద్ద రోడ్డు మీద స్కూలుకి వెళ్లి వచ్చేది. తన కారులో ఆ గీత చూసే సాయం తెరవమని తెచ్చింది. ఆ పూట మీటరు వేరే కారు నడిపి చూడటానికి బయటికి వెళ్లాడు. చదును బే లో ఇంకో కారు ఉంది. బావమరిదికి అప్పటికి పని నేర్చుకున్న గర్వం కొత్తగా వచ్చింది. బావ లేకుండా ఒక్కటి చేసి చూపించాలనుకున్నాడు. ఒకటి రాశాడు. కెమెరా సరిచూడలేదని పసుపు దీపం వెలిగింది. బోర్డు పెట్టే చోటు ఖాళీ లేదు. టీచరు అప్పటికి మూడుసార్లు గడియారం చూసుకుంది. పక్కన ఉన్నది అదే మోడలు కారు. వాడు దాని కెమెరా అంకెలు కాపీ చేసి టీచరు కారులోకి ఎక్కించాడు. దీపం ఆరిపోయింది. దీపం ఆరిందంటే బాగైందనుకున్నాడు. టీచరు కారుకి వారం కిందటే బయట ఎక్కడో ముందు అద్దం మార్చారు. వాడు ఆ సంగతి అడగలేదు.

ఐదో రోజు, రోడ్డు మరమ్మతు జరుగుతున్న చోట, ఆ కెమెరాకి లేని గీత కనిపించింది. స్టీరింగు చేతుల్లోంచి లాక్కుని కారు సిమెంటు దిమ్మెకి కొట్టుకుంది. టీచరు బతికింది. కుడి భుజం మాత్రం మునుపటిలా కాలేదు.

ఆసుపత్రికి వర్క్‌షాపు తరఫున ఎవరూ వెళ్లలేదు. ఉద్యోగం పోయిన మర్నాడు మీటరు వెళ్లాడు. మంచం పక్కన నిలబడి, మా వర్క్‌షాపులో తప్పు జరిగిందమ్మా, మీ కారుని సరిచూడకుండా పంపేశాం అని చెప్పి వచ్చాడు. ఎవరు చేశారో ఆయన చెప్పలేదు. కంపెనీ తనకి పంపిన ఉత్తరంలో తప్పు చేసినవాడిగా ఆయన పేరు చూసి టీచరు తన లెక్క తను వేసుకుంది.

ఇంట్లోనూ అదే లెక్క. అక్క చెడ్డది కాదు, కానీ మొగుడి ఉద్యోగం పోయిన ఆడమనిషి. “ఉప్పు డబ్బా కూడా కొలిచే మనిషివి కదా, ఆ రోజు నీ కొలత ఏమైంది?” అని అడిగింది. అడిగినప్పుడు బావమరిది ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. బావ అన్నం ముందు తల వంచుకుని, “ఏమోనే,” అన్నాడు. ఆ తర్వాత అక్క చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ అదే జవాబు.

బావ ఎందుకు చెప్పలేదో తనకి అర్థం కాలేదనే బావమరిది చాలాకాలం చెప్పుకున్నాడు. మొదట, అక్క కోసమనుకున్నాడు. వాడు అప్పటికి ఉద్యోగం ఖాయం కాని ఆరు నెలల పరీక్షా కాలంలో ఉన్నాడు, భార్య కడుపుతో ఉంది, అందుకనుకున్నాడు. తనకి అనుకూలమైన కారణాలు మనిషికి వరసగా దొరుకుతాయి. అసలు కారణం వాడికి తెలుసు. బావ ఎదురుచూస్తున్నాడు. పట్టివ్వడం ఆయనకి చేతగాదు. వాడే ముందుకొచ్చి చెప్పాలి. ఆయన ఆ ఒక్కదాని కోసం ఏడేళ్లు చూశాడు.

ఆ ఏడేళ్లూ మీటరు ఒక ఇరుకు వీధిలో, రేకుల కప్పు కింద, పాత కార్లకి దీపాలూ హారన్లూ డైనమోలూ బాగుచేశాడు. కంపెనీ వర్క్‌షాపులు ఏవీ ఆయన్ని తీసుకోలేదు. పేరు కొట్టగానే ఆ కేసు తెర మీదికి వచ్చేది. కేబులు కొనుక్కున్నాడు గాని కోడింగు జోలికి పోలేదు. అడిగినవాళ్లకి తన నేల చదునుగా లేదని చెప్పేవాడు. నిజంగానే ఆ షెడ్డులో నట్టు కింద పెడితే వీధిలోకి దొర్లిపోయేది.

బావమరిది పైకొచ్చాడు. ఆ దెబ్బతో వాడు మంచి పనివాడైన మాట కాదనలేం. ఎంత తొందరున్నా బోర్డు పెట్టకుండా ఒక్క కారు వదల్లేదు. కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పే హెడ్డు అయ్యాడు. మొదటి రోజు పాఠం ఎప్పుడూ ఒకటే: ఒక పెద్ద పనివాడు, బోర్డు పెట్టకుండా పక్క కారు అంకెలు కాపీ కొట్టినవాడు, ఒక టీచరు భుజం పోగొట్టినవాడు. పేరు చెప్పేవాడు కాదు. పాతవాళ్లు చెప్పేశారు. అలా ఆ తప్పుకి వర్క్‌షాపులో ‘మీటరు కేసు’ అని పేరు పడిపోయింది. ఎవరైనా కొలత ఎగ్గొడితే, “ఏంటి, మీటరు కేసు చేస్తున్నావా?” అని వెక్కిరించేవారు. పాఠం నిజమైనదే కదా, దానివల్ల ప్రమాదాలు తప్పుతున్నాయి కదా అని బావమరిది సర్దిచెప్పుకునేవాడు. అలా చెప్పుకున్న రోజున వాడికి తిండి సయించేది కాదు.

ఏడో ఏట టీచరు ఆ రేకుల షెడ్డుకి వచ్చింది. అదే కారు. భుజం వల్ల ఆమె కుడివైపు వెనక్కి తిరిగి చూడలేకపోతోంది. పక్క నుంచి వచ్చే బళ్లు కనిపించడం లేదు. ఇంకొన్నాళ్లిలాగే ఉంటే కారు మానేయాలి, కారు మానేస్తే ఆ దూరంలో ఉన్న ఉద్యోగమూ మానేయాలి. వెనక బంపరు లోపల రెండు రాడార్లు ఉంటాయట, అవి పక్కన వచ్చే బండిని చూసి అద్దంలో దీపం వెలిగిస్తాయట, తెరవమంది.

మీటరు తన వల్ల కాదన్నాడు. పెద్ద వర్క్‌షాపుకి వెళ్లమన్నాడు. టీచరు అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

“నా క్లాసులో లెక్కలన్నీ బోర్డు కింది సగంలోనే ఉంటాయి మేస్త్రిగారూ. పై సగం వైపు నా చెయ్యి లేవదు. వెనక బెంచీవాళ్లు లేచి నిలబడి రాసుకుంటారు. నాకు మీ మీద కోపం లేదని చెప్పను. చాలా ఉండేది. కానీ తప్పయిందని వచ్చి నా ముందు నిలబడింది మీరొక్కరే. రెండోసారి మీరు చెయ్యరు. అందుకే వచ్చాను.”

మీటరు బంపరు మీద వేళ్లతో తట్టి చూశాడు. తర్వాత, వచ్చే ఆదివారం చేద్దామన్నాడు. చదును నేల కావాలి కాబట్టి ఆ సాయంత్రం బావమరిదికి ఫోను చేసి, బే కొంచెంసేపు ఇవ్వగలవా అని అడిగాడు. ఏడేళ్లలో ఆయన వాణ్ని అడిగిన సాయం అదొక్కటే.

ఆదివారం వర్క్‌షాపు ఖాళీగా ఉంది. బావమరిది తన దగ్గర నేర్చుకునే ముగ్గుర్ని కూడా రమ్మన్నాడు. పాత చేతి పనితనం చూస్తారని వాళ్లకి చెప్పాడు. ఆయన ఎవరో చెప్పలేదు. మీటరు పొద్దున్నే వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బంపరు మీద రంగు మందం కొలిచాడు. పుట్టీ దట్టంగా ఉంటే రాడారుకి కళ్లకి గంతలు కట్టినట్టేనని వివరించాడు. సుద్దగీత గీశాడు. టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస బావమరిదికి ఇచ్చాడు.

నేర్చుకునేవాళ్లలో కళ్లద్దాల అమ్మాయి ఒకతి ఉంది. చురుకైనది, మాటకారి. ఆయన అంకె రాసుకుని మళ్లీ మొదటి నుంచి కొలవడం చూసి ముచ్చటపడింది.

“పెద్దాయనా, ఇట్లా రెండుసార్లు కొలిచేవాళ్లుంటే మా దగ్గర మీటరు కేసు అయ్యేది కాదు.”

“ఏంటమ్మా అది?” అన్నాడు మీటరు, గీత మీంచి తల ఎత్తకుండా.

ఆమె చెప్పింది. సారు చెప్పినట్టే, సారు ఆగిన చోట ఆగి, సారు గొంతు తగ్గించిన చోట తగ్గించి చెప్పింది. ఎంత పేరున్న పనివాడైనా ఒళ్లు బద్ధకిస్తే ఏమవుతుందో అనే మాటతో ముగించింది. మీటరు చేతిలో టేపు కదల్లేదు. గోడ దగ్గర కుర్చీలో కూర్చున్న టీచరు లేచి నిలబడింది.

“ఆ కారు ఇదేనమ్మా,” అంది. “ఆ భుజం ఇదే. నువ్వు చెబుతున్న మనిషి ఈయనే.”

అమ్మాయి ముఖం పాలిపోయింది. మిగిలిన ఇద్దరూ నేల చూపులు చూశారు. బావమరిది చెప్పాల్సింది ఒక్క వాక్యం. ‘ఆయన కాదు, నేను’ అంటే చాలు. ఆ వాక్యాన్ని వాడు పక్క మీద పడుకుని, బండి నడుపుతూ, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కొన్ని వందల సార్లు అనుకుని ఉన్నాడు. వినాల్సినవాళ్లంతా అక్కడే ఉన్నారు. వాడు పెదవులు తెరిచాడు. చేతిలోని టేపు కొస జారింది.

“టేపు వదలకురా,” అన్నాడు మీటరు మెల్లగా. “లాగి పట్టుకో.”

వాడు లాగి పట్టుకున్నాడు. నోరు మళ్లీ మూతపడింది.

పని పూర్తయింది. కోడింగు అయ్యాక మీటరు తనే టీచరు పక్కన కూర్చుని రోడ్డు మీద గంటసేపు తిప్పించాడు. కుడి అద్దంలో దీపం వెలిగినప్పుడల్లా నిజంగా బండి ఉందో లేదో తను వెనక్కి తిరిగి చూశాడు. తిరిగొచ్చాక టీచరు దణ్ణం పెట్టబోతే చెయ్యి ఎత్తొద్దని వారించాడు.

కంపెనీ ఫైల్లో ఇప్పుడు ఒక ఉత్తరం ఉంది. ఆ పని చేసింది తనేనని, అంకెలు ఎక్కడివో, ఎందుకు కాపీ చేశాడో బావమరిది వివరంగా రాసిచ్చిన ఉత్తరం. వాడి హెడ్డు పదవి పోయింది. వాడు టీచరు ఇంటికి వెళ్లి గుమ్మంలోనే చెప్పాడు. ఆమె అంతా విని, లోపలికి రమ్మనకుండా తలుపు వేసుకుంది. అక్క ఆ ఉత్తరం నకలు తీసుకుని, అన్నిటికంటే ముందు అడుగున ఉన్న తేదీ చూసింది. మీటరు గుండె ఆగి చనిపోయిన తర్వాత పన్నెండో రోజు అది. “ఆయనున్నప్పుడు నీకు పెన్ను దొరకలేదా?” అని అడిగింది. ఆ రోజు నుంచి తమ్ముడితో ఆమెకి మాటల్లేవు. ఏడేళ్లు మొగుణ్ని ఏమేమి అందో అవన్నీ ఇప్పుడు ఆమెకి గుర్తొస్తున్నాయి. వాటిని వెనక్కి తీసుకోవడానికి ఆయన లేడు.

ఆ ఆదివారానికీ ఆయన చావుకీ మధ్య మూడు వారాల వ్యవధి ఉంది. బావా బావమరదులు ఆ మధ్యలో ఒక్కసారే కలిశారు. ఆదివారం గడిచిన మూడో రోజు, మధ్యాహ్నం వేళ, వాడు రేకుల షెడ్డుకి వెళ్లాడు. వీధిలో ఎవరూ లేరు. బావ ఒక పాత హారను విప్పి దాని పొరలు తుడుస్తున్నాడు. వాడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ముఖం చేతుల్లో పెట్టుకుని, అంతా చెప్పేశాడు. ఆ పసుపు దీపం దగ్గర్నుంచి టైర్ల స్టాండు దాకా, టైర్ల స్టాండు దగ్గర్నుంచి మొన్నటి టేపు దాకా. ఏడుపు కూడా వచ్చింది. చెబుతున్నకొద్దీ వాడికి గుండెల మీంచి బరువు దిగిపోతోంది. ఇన్నాళ్లకి చెప్పగలిగానని లోపల ఎక్కడో చిన్న గర్వం కూడా తలెత్తింది.

మీటరు ఓదార్చలేదు. వాడు ముగించి తల ఎత్తేదాకా ఆగి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“నాకెందుకు చెబుతున్నావురా?” అన్నాడు. “నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలియనివాళ్లకి చెప్పు.”